నీరజకు బారసాల

నరసరావుపేట,
13 జూలై 2025

అక్కయ్యకు,

ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. నీకు వినపడాలంటే నేను అరవాలి. నేను అరిస్తే నీ ఫోన్ స్పీకర్లో సగం కారంపూడి వింటుంది. ఈ సంగతి అలా వినవలసింది కాదు.

దాచేపల్లి ఇంటికి తాళం వేశాను. నరసరావుపేట శివార్లలో 'ఊరట' అని ఒక ఆశ్రయం ఉంది. ఎయిడ్స్ ముదిరి, ఇంట్లోవాళ్ళు ఉంచుకోనివాళ్ళని ఇక్కడికి తెస్తారు. ప్రస్తుతం నేనూ ఇక్కడే ఉంటున్నాను.

నా వరలక్ష్మి చివరి నెలల్లో వారం వారం మా ఇంటికి వచ్చిన నర్సు ఫాయిజా గుర్తుందా? ఆమె పనిచేసేది ఇక్కడే. క్యాన్సర్ వాళ్ళ ఇళ్ళకు కూడా వెళ్తుంది. వరలక్ష్మి పడుకున్న గాలి పరుపు వీళ్ళదే. తిరిగి ఇచ్చేద్దామని వచ్చాను. ఇచ్చాక వెళ్ళబుద్ధి కాలేదు. అంతకన్నా కారణం రాయడం నాకు చేతకాదు.

తిండికి లోటు లేదు. నీళ్ళు మాత్రం కొంచెం ఉప్పగా ఉన్నాయి. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశానని తెలిసి నీళ్ళ పరీక్ష నాకే అప్పగించారు. మందులు క్రమం తప్పకుండా వేసుకుంటున్నాను. సుధాకర్‌కి ఇప్పుడే ఏమీ చెప్పకు.

నీ తమ్ముడు,
బ్రహ్మానందం

*

కారంపూడి,
18 జూలై

ఒరేయ్ బ్రహ్మం,

నీ ఉత్తరం చదివిన కాడ కూలబడ్డా. పొయ్యి మీద పాలు పొంగి పోయినా లేవలా.

నీకెట్టా వచ్చిందిరా ఆ రోగం? 'మందులు వేసుకుంటన్నా, సుధాకర్‌కి చెప్పబాకు' అని రాస్తే నాకు అర్థం కాదనుకున్నావా? వరలక్ష్మికి రక్తం ఎక్కించేటప్పుడు నువ్వూ ఇచ్చావు గదా, ఆ సూదులే అయ్యుంటాయి. నిన్ను మాత్రం అనుమానించను. పెళ్ళాం పక్కన లేకపోతే సినిమాక్కూడా పోనోడివి.

నా ఇంటికే ఎందుకురా ఇది? నా చిన్నోడు హర్షకి వస్తే ఊరికి కామెర్లని చెప్పాం. వాడు పోయాడు. కోడలు నీరజ పుట్టింటికి, బెల్లంకొండకి పోయి, అదే రోగంతో పోయింది. వాళ్ళ పిల్ల అర్చనకి ఏమీ లేదని పరీక్షలో తేలింది, అదొక్కటే దక్కింది. ఇప్పుడు నువ్వు.

వచ్చెయ్. పెరట్లో గది ఖాళీగా ఉంది. నా పెద్దోడు సుధాకర్ ఏమన్నా అంటే వాడి సంగతి నేను చూసుకుంటా. కంచం, గ్లాసు విడిగా పెడతా, ఏమీ అనుకోబాకు.

బస్సు కండక్టర్ చేత నిమ్మకాయ పచ్చడి పంపిస్తన్నా. తినొచ్చో లేదో డాక్టర్ని అడిగి తిను.

నీ అక్క
సరస్వతమ్మ

*

నరసరావుపేట,
24 జూలై

అక్కా,

నాకే రోగమూ లేదు. వేసుకుంటున్నవి బీపీ మాత్రలు. పచ్చడి అందింది. డాక్టర్ని అడగకుండానే తిన్నాను.

ఇక్కడ నా పనేమిటో రాస్తాను. మాచర్ల నుంచి వచ్చిన అబ్దుల్ హమీద్ అనే లారీ మెకానిక్ ఉండేవాడు. నోటినిండా పుండ్లు. మెత్తటి గుడ్డ తడిపి, వేలికి చుట్టుకుని ఆ నోరు శుభ్రం చేయాలి. ఆరిపోకుండా పెదవులు తడుపుతూ ఉండాలి. మొదటిరోజు నేను గట్టిగా రుద్దాను కాబోలు, "సారూ, ఇది సున్నపురాయి కాదు, మెల్లగా" అన్నాడు. తరవాత నేర్చుకున్నాను.

అతను నిన్న పోయాడు. డాక్టర్ రాజారత్నం నొప్పి తెలియకుండా మందు ఇచ్చారు. ఫాయిజా చెవిలో కలిమా చదివింది. తమ్ముడు ఆదిల్ గేటు బయటే నిలబడి ఉంటే వెళ్ళి పిలిచాను. "నాకు అంటుకోదుగా" అని అడిగి, లోపలికి వచ్చి, చివరిదాకా అన్న చెయ్యి వదల్లేదు. నొప్పి లేకుండా, ఒకరి చేతిలో చెయ్యి ఉంచి పోవడం రెండోసారి చూశాను. మొదటిసారి సంగతి నీకు తెలుసు.

మరొక విషయం. ఇక్కడికి ఒక ఆడమనిషిని తెచ్చారు. ఒంట్లో ఎముకలు తప్ప లేవు. ఊపిరితిత్తుల్లో క్షయ కూడా ఉంది. ఎవరు పెట్టినా నోరు తెరవదు. నేను పెడితే జావ తాగుతోంది. నిన్న మొదటిసారి నాతో మాట్లాడింది. ఆమె గురించి నీకు రాయాలి. కానీ ఆమె ఒప్పుకోవాలి. అప్పటిదాకా నువ్వు మనసు సిద్ధం చేసుకో.

బ్రహ్మానందం

*

కారంపూడి,
30 జూలై

ఒరేయ్,

ఏందిరా నేను మనసు సిద్ధం చేసుకునేది? వరలక్ష్మి పోయి ఏడాదన్నా కాలా. దాని చీరలు బీరువాలో అట్టనే ఉన్నాయి. నువ్వక్కడ ఎవరికో జావ తాగిస్తా, ఆమె ఎప్పుడు ఒప్పుకుంటదా అని కూచున్నావు. జావ తాగించి పెళ్ళికి ఒప్పించేవాణ్ణి నిన్నే చూశా. పోనీ వయసులో ఉన్నావా అంటే అదీ లేదు. రోగంతో ఉన్న మనిషంట, ఎముకలంట, ఆమెకన్నా ఉండాలి బుద్ధి.

అర్చన నా చేతిలో కాగితం లాక్కుని చదివి 'తాతయ్యకి పెళ్ళా' అని పడీపడీ నవ్వింది. నేను నవ్వలా.

భాద్రపదంలో నీరజ తద్దినం వస్తంది. ఎప్పటిలాగే సుధాకర్ చేస్తాడు. పంతులుగారికి చెప్పా. నువ్వు రా. మొహామొహాలు చూసుకుని మాట్టాడదాం. ఆమెని మాత్రం ఎంటబెట్టుకుని రాబాకు.

సరస్వతమ్మ

*

నరసరావుపేట,
6 ఆగస్టు

అక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. అర్చన చేతికి ఇవ్వకు. కూర్చుని చదువు.

తద్దినం ఆపించు. నీరజ బతికే ఉంది. నేను జావ తాగిస్తున్నది నీరజకే.

మొదట నేనూ గుర్తుపట్టలేదు. "ఉప్పు తక్కువైంది, మామయ్యగారూ" అన్నప్పుడు పోల్చుకున్నాను. తన సంగతి ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకుంది. రోగి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదని ఇక్కడ నియమం కూడా. నిన్న ఒప్పుకుంది.

మూడేళ్ళ కింద వాళ్ళన్న ఆమెను ఆసుపత్రిలో వదిలేసి వెళ్ళిపోయాడు. చనిపోయిందని, శవాన్ని ఆసుపత్రివాళ్ళే దహనం చేశారని మనకు ఫోన్ చేశాడు. ఇంకెవరూ తన గడపకు రాకుండా ఉండటానికి ఆడిన అబద్ధం. మనం నమ్మి దినం చేశాం.

ఆమె కోలుకుంది. తనకు దినం జరిగిందని తెలిసింది. తెలిసీ ఊరుకుంది. రోగంతో బతికున్న తల్లి కంటే చచ్చిపోయిన తల్లే అర్చనకు మేలనుకుందట. గుంటూరులో ఒక హాస్టల్లో వంట చేసింది. చోటు మారినప్పుడు మందులు ఆగిపోయాయి. మళ్ళీ పడిపోయింది.

డాక్టరు దాచకుండా చెప్పారు. బతకవచ్చు, బతకకపోవచ్చు. ఆమె అడిగేది ఒకటే, అర్చనను చూడాలని. అమ్మనని చెప్పవద్దంటోంది. దూరం నుంచి చూస్తే చాలంటోంది. చాలదని నాకనిపిస్తోంది. పిల్లను పెంచింది నువ్వు. తేల్చవలసింది నువ్వే.

బ్రహ్మానందం

*

కారంపూడి,
14 ఆగస్టు

తమ్ముడూ,

నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదివా. తలకెక్కట్లా. తలంటు పోసుకున్నాం, దినం చేశాం, ఊరందరికీ భోజనాలు పెట్టాం. ఆ పిల్లకి పదమూడేళ్ళు గూడా లేవు, తల్లి ఫోటోకి దండేసి దణ్ణం పెట్టింది. ఇప్పుడేమో బతికుందంటే?

సుధాకర్‌కి చెప్పా. చెప్పకుండా ఉండలేకపోయా. వాడు మండిపడ్డాడు. 'మామయ్య మెత్తనోడని ఎవరో బుట్టలో ఏసుకున్నారు. హర్ష వాటా పొలం కోసం ఆడే నాటకం ఇది. రేపు సర్పంచికి నిలబడేవాణ్ణి, ఎయిడ్స్ కొంప అనిపించుకోవాలా?' అని కేకలేశాడు. పంతులుగారేమో దినం అయిపోయిన మనిషి గడప తొక్కితే ఇంటికి కీడన్నాడు.

నేను వాళ్ళ మాటా నమ్మట్లా, నీ మాటా నమ్మట్లా. ఒకటడుగు దాన్ని. హర్ష పోయినాక, అది మా ఇంట్లో ఉన్నన్నాళ్ళు దాని కంచం నేను ఎక్కడ పెట్టేదాన్నో చెప్పమను. సుధాకర్‌కి గూడా తెలీదు. నాకూ నీరజకే తెలుసు.

చెప్పలేకపోతే ఇంక ఆ మాట నా దగ్గర ఎత్తబాకు.

సరస్వతమ్మ

*

నరసరావుపేట,
20 ఆగస్టు

అక్కా,

గొడ్లచావిడిలో, దక్షిణం గోడ గూట్లో, పైన గోనెపట్టా కప్పి.

ఆమె ఆలోచించుకోలేదు. అడగ్గానే చెప్పింది. నువ్వు అడగనిది ఇంకొకటి కూడా రాయమంది. కంచం వేరు చేసినా అత్తయ్య పప్పులో నెయ్యి ఏనాడూ తగ్గించలేదు అని. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నేను రసాయనశాస్త్రం చదివినవాణ్ణి. నా మాట విను. ఒకే కంచంలో తింటే, ఒకే గ్లాసుతో తాగితే, పక్కన కూర్చుంటే, ముట్టుకుంటే ఎయిడ్స్ రాదు. ఆమె తిన్న గిన్నె రోజూ నేనే కడుగుతున్నాను. దగ్గుతో అంటుకునేది క్షయ. దానికి మందు పనిచేస్తోంది, ఇప్పుడు ఇంకొకరికి అంటదని పరీక్ష చేసి చెప్పారు. అసలు రోగానికి మాత్రలు కూడా మొదలుపెట్టారు. అవి జీవితాంతం మానకూడదు. మానకపోతే నీలాగా నాలాగా బతకవచ్చు.

జ్వరం తగ్గింది. మొన్న దువ్వెన అడిగింది. నిన్న గోడ పట్టుకుని వరండాలోకి నడిచి, వంటమనిషిని పిలిచి చారులో పోపు మాడిందని చెప్పింది. వంటమనిషికి కోపం వచ్చింది. మిగతా అందరికీ చాలా సంతోషం కలిగింది. డాక్టర్ రాజారత్నం అయితే ఇంకొంచెం చారు పోయించుకున్నారు.

బ్రహ్మానందం

*

కారంపూడి,
1 సెప్టెంబరు

బ్రహ్మం,

అదే. అది నీరజే.

అర్చనకి చెప్పా. ఎట్టా చెప్పాలో తెలీక, అంట్లు తోముతా చెప్పేశా. పిల్ల గదిలోకి పోయి తలుపేసుకుంది. సాయంత్రం బయటికొచ్చి, 'నానమ్మా, అమ్మకి ఏ కూరంటే ఇష్టం?' అంది. కాకరకాయ పులుసు అన్నా. మా ఇంట్లో అది తినే మనిషి అదొక్కతే. 'ఎట్టా చెయ్యాలో చెప్పు, నేనే చేస్తా' అంది. తరవాత నా మొహం చూడకుండా, 'నాకు అబద్ధం చెప్పింది మీరు కాదుగా' అంది. కాదే, మాకూ ఎవరో చెప్పారన్నా. నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. ఏడవనిచ్చా.

సుధాకర్ పోవద్దన్నాడు. కారు తాళాలు జేబులో ఏసుకున్నాడు. మంచిదిరా, ఆర్టీసీ వాళ్ళ తాళాలు నీ దగ్గర లేవుగా అన్నా. ఆదివారం పొద్దున బస్సుకి బయలుదేరతన్నాం.

సరస్వతమ్మ

*

నరసరావుపేట,
9 సెప్టెంబరు

అక్కా,

మీరు క్షేమంగా చేరారని అర్చన మెసేజి పెట్టింది. నువ్వు చూడనిది ఒకటి రాయాలి.

నువ్వు బయట పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటుండగా అర్చన ముందు లోపలికి వచ్చింది. ఆడవాళ్ళ వార్డులో అన్ని మొహాలూ చూసింది. ఎవరో పోల్చుకోలేకపోయింది. నీరజ దుప్పటి మొహం మీదికి లాక్కుంది. దాంతో పిల్లకు తెలిసిపోయింది. వెళ్ళి ఆ మంచం అంచున కూర్చుంది. క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, "కాకరకాయ పులుసు తెచ్చా. నేనే చేశా. చేదుగా ఉంది" అంది.

దుప్పటి లోపలినుంచి, "బెల్లం వెయ్యలేదా?" అని వినపడింది.

వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి. తరవాత దుప్పటి తీసింది ఎవరో నేను చూడలేదు. కిటికీ వైపు తిరిగాను.

ఆ తరవాత నువ్వు వచ్చావు. నీరజ కంచంలోంచే ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నావు. "బెల్లమే కాదు, చింతపండు గూడా తక్కువైంది" అన్నావు. నీరజ నిన్నే చూస్తూ ఉండిపోయింది. అది మాత్రం నేనూ, ఫాయిజా ఇద్దరం చూశాం. ఫాయిజా పని ఉన్నట్టు బయటికి వెళ్ళింది. పనేమీ లేదు.

మీరు వెళ్ళాక నీరజ కంచం ఖాళీ చేసింది. దూరం నుంచి చూస్తే చాలన్న మనిషి, ఇప్పుడు ఇంటికి వెళ్ళాలంటోంది. ఇలాగే కోలుకుంటే కార్తీకం చివరికి పంపవచ్చని డాక్టరు అన్నారు. ఇక్కడ మంచాలు ఖాళీ అయ్యే దారి సాధారణంగా ఒకటే. ఈ మంచం ఇంకో దారిన ఖాళీ అవుతుందంటే అందరూ దాని వైపే చూస్తున్నారు.

కానీ ఏ ఇంటికి? నీ గడప సంగతి, పంతులుగారి మాట, సుధాకర్. అవి తేలకుండా పంపలేను. మళ్ళీ గొడ్లచావిడికైతే అసలే పంపను.

బ్రహ్మానందం

*

కారంపూడి,
12 నవంబరు

తమ్ముడూ,

నీ ఆఖరి మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే రాశావు. ఆ గూడు ఇటుకలు పెట్టి మూసేయించా. సంగతి విను.

పంతులుగారిని ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి అడిగా. 'దినం అయిన మనిషి చచ్చినట్టే అన్నారు, సరే. మరి చచ్చిన మనిషి మళ్ళీ పుడితే?' అన్నా. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. 'తప్పిపోయినోళ్ళు తిరిగొస్తే మా తాతగారి కాలంలో ఏదో చేసేవాళ్ళమ్మా' అన్నాడు. ఏదో అంటే ఏందో చూసి చెప్పండి అన్నా. పుస్తకాలు తిరగేసి మర్నాడొచ్చాడు. పుట్టిన బిడ్డకి చేసినట్టే అన్నీ చెయ్యాలంట. పురిటి స్నానం పోసి, బారసాల చేసి, మళ్ళీ పేరు పెట్టాలంట. అప్పుడు ఏ కీడూ లేదంట.

ఓస్, అంతేనా అన్నా. ఎంతమందికి పోయలా పురిటి స్నానాలు.

27 గురువారం ముహూర్తం పెట్టించా. వీరుల తిరునాళ్ళు ముందే అయిపోతాయి. సుధాకర్‌కి చెబితే 'పిచ్చి ముదిరింది, ఎవరొస్తారు' అన్నాడు. రాకపోతే ముగ్గురం తింటాం. నువ్వొస్తే నలుగురం.

సరస్వతమ్మ

*

కారంపూడి,
29 నవంబరు

ఒరేయ్ తమ్ముడూ,

నీరజని బస్సెక్కించి నువ్వు ఆగిపోయావు. ఎవరూ లేని ముసలాయన ఆఖరి గడియల్లో ఉన్నాడు, వదిలి రాలేనని కబురు పంపావు. మొదట తిట్టుకున్నా. తరవాత వరలక్ష్మి దగ్గర నువ్వు కూచున్న సంగతి గుర్తొచ్చి ఊరుకున్నా. నువ్వు చూడనిది ఇప్పుడు నేను రాస్తా.

పొద్దున్నే పెరట్లో పీట ఏసి కూచోబెట్టా. తలకి నూనె పెట్టా, ఒంటికి పసుపు రాశా, నలుగు పెట్టా. నా చేతులతోనే. దాని ఈపు మీద చెయ్యేస్తే వణికింది. చలా అన్నా. 'కాదత్తయ్యా, ఇన్నేళ్ళలో నన్ను ముట్టుకున్నోళ్ళందరూ నర్సులే' అంది. నేను ఇంకో చెంబు పోశా. ఏడుపు వస్తే కనపడకుండా ఉంటదని ఇద్దరికీ నీళ్ళు చాలినన్ని పెట్టుకున్నాలే.

పందిట్లో పళ్ళెంలో బియ్యం పోశారు. పేరు రాసేది తండ్రి గదా, ఎవరు రాస్తారని పంతులుగారు దిక్కులు చూశాడు. అర్చన వచ్చి నా వేలి ఉంగరం లాక్కుని, బియ్యంలో 'నీరజ' అని రాసింది. చెవిలో చెప్పాలి గదా. దాన్నే చెప్పమన్నా. పిల్ల వంగి చెవిలో 'నీరజా, నీరజా, నీరజా' అంది. 'తల్లిని పేరెట్టి పిలిచే పిల్లని నిన్నే చూశా' అని నీరజ దాని చెవి మెలేసింది. పందిరంతా నవ్వులు. లాలి పాడాలంటే అందరికీ సిగ్గు. నేనే ఎత్తుకున్నా. నాకు వినపడదు గదా, ఎట్టా పాడానో విన్నోళ్ళకే తెలియాలి.

జనం రాలేదనుకుంటన్నావా? వచ్చారు. ఎవరి బిడ్డకి బారసాలో చూద్దామని వచ్చారు. వీధి వీధంతా వాకిట్లో నిలబడింది. అప్పుడు వడ్డన. ఆకులేస్తే ఎవరూ కూచోరు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటన్నారు.

నాకు ఒళ్ళు మండింది. 'మొన్న తిరునాళ్ళలో మందపోరు రోజు వీరుల గుడికాడ అందరూ కలిసి ఒకే చాప మీద చాపకూడు తిన్నారు గదరా, పక్కనోడు ఎవడో అడక్కుండా? పల్నాటోళ్ళం, కులం చూడం, గోత్రం చూడం అని మైకుల్లో చెబుతారు గదా? నా ఇంట్లో కూచోడానికి ఏం వచ్చింది?' అన్నా. గట్టిగా అన్నట్టున్నా. అందరూ చెవులు మూసుకున్నారు.

నీరజ పోయి బంతిలో కూచుంది. పక్కన అర్చన కూచుంది. ఇంకో పక్క ఆకు ఖాళీ. అప్పటిదాకా సుధాకర్ వీధిలో బండి మీద కూచుని ఫోను చూస్తన్నాడు. నేను వాణ్ణి ఒకటే అడిగా. 'దాని దినం భోజనాలకి ఇల్లిల్లూ తిరిగి పిలిచింది నువ్వు. ఈ భోజనాలకి పిలిచేది ఎవర్రా?' అన్నా.

వాడు లేచాడు. బండి తాళం తీశాడు. పోతాడనుకున్నా. చెప్పులిడిచి లోపలికొచ్చి, నీరజ పక్క ఆకు ముందు కూచున్నాడు. దాని మొహం చూడలా. 'అన్నం పెట్టమ్మా' అన్నాడు. అంతే. ఆ తరవాత ఆకులు చాల్లా. మూడో బంతికి అరిటాకులైపోయి ఇస్తరాకులు తెప్పించాం. సుధాకర్‌కి ఓట్లు పెరుగుతాయో తరుగుతాయో నాకు తెలీదు. నీరజ మజ్జిగ అడిగితే లేచి పోసింది వాడే.

అందరూ పోయినాక వెనక వీధి అంజమ్మ ఉండిపోయింది. అంట్లకాడ నీరజ పక్కన కూచుని గుసగుసగా ఏదో చెప్పింది. ఆమె కొడుకు ఏడాది నించీ హైదరాబాదులో ఉన్నాడని ఊరంతా అనుకుంటంది. లేడంట. ఇంట్లోనే, వెనక గదిలో ఉన్నాడంట. నీరజ చేతులు కడుక్కుని, 'పద పిన్నీ, చూద్దాం' అని ఆమె ఎంట పోయింది. నేను ఆపలా. గర్వంగా చూస్తా నిలబడ్డా.

నీ అక్క, కోడల్నే మనవరాలిగా మళ్ళీ ఎత్తుకున్నట్టున్న
సరస్వతమ్మ

*

నరసరావుపేట,
5 డిసెంబరు

అక్కా,

ఆ ముసలాయన బారసాల రోజు మధ్యాహ్నమే పోయాడు. ప్రశాంతంగా పోయాడు. నీ ఉత్తరం వార్డులో పైకి చదివాను. లేవలేనివాళ్ళు కూడా రెండోసారి చదివించుకున్నారు. ఒకచోట కాగితం ఫాయిజాకు ఇచ్చేశాను, మిగతాది ఆమె చదివింది.

నిన్న పొద్దున బస్టాండు నుంచి వచ్చిన ఆటో గేటు దగ్గర ఆగింది. నీరజ దిగింది. అంజమ్మ దిగింది. ఇద్దరూ కలిసి అంజమ్మ కొడుకుని దించారు. అతను తలుపు దగ్గర ఆగిపోయి, "ఇక్కడికొచ్చినోళ్ళు తిరిగి పోతారా?" అని అడిగాడు. నీరజ, "నేను బస్సులో వచ్చా. సాయంత్రం బస్సుకి పోతా. మీ అమ్మ నిన్నెప్పుడు తీసుకుపోవాలో నువ్వు తిని చెప్పు" అని భుజం పట్టుకుని లోపలికి నడిపించింది. అతనికి మొదటి ముద్ద ఆమే పెట్టింది. ఉప్పు సరిపోయిందట.

తన మందులకు కూడా నీరజ వరసలో నిలబడింది. ఆమె సంగతి తెలియని కొత్త నర్సు పేరు అడిగింది. చెప్పింది. వయసు అడిగింది.

"పోయిన గురువారం పుట్టానండీ" అంది నీరజ.

నీ తమ్ముడు,
బ్రహ్మానందం